చిట్టాలు వేరైనా మనిషి ఒక్కడే

సూరత్ నగరంలోని పాండేసర పారిశ్రామికవాడ మరమగ్గాలకు, రంగుల అద్దకపు మిల్లులకు పేరుపొందినది. బ్రతుకుతెరువు కోసం తెలంగాణ జిల్లాల నుండి సూరత్ చేరిన నేత కుటుంబాలు అనేకం. అక్కడ నేతగానికి కూలి సాధారణంగా మీటర్ల లెక్కన ముడుతుంది. కనుక లెక్క తప్పితే అన్నం తప్పినట్లే.

ఒక కార్ఖానాను ఊహించుకుందాము. అందులో మూడు చిట్టాలున్నాయి. ఏ పాళీలో ఎవరు ఎన్ని మీటర్లు నేసినదీ మొదటిది చెబుతుంది. ఎవరికి ఎప్పుడు ఎంత అడ్వాన్సు ఇచ్చినదీ రెండవది. ఏ రకపు గుడ్డ ఏనాడు అద్దకానికి వెళ్లినదీ మూడవది. జరిగిన పనులను నమోదు చేసే ఇటువంటి పట్టికలను కంప్యూటరు పరిభాషలో ‘ఫ్యాక్ట్ టేబుళ్లు’ అంటారు. తేదీ, మనిషి, గుడ్డ రకం వంటి ఆనవాళ్ల పట్టికలు ‘డైమెన్షన్లు’.

ఒక నేతగాడు పన్నెండు పాళీలలో, పాళీకి 300 మీటర్ల చొప్పున, 3,600 మీటర్లు నేశాడు. మీటరుకు రెండు రూపాయలనుకుంటే కూలి 7,200. రెండు దఫాలుగా 2,000 అడ్వాన్సు తీసుకున్నాడు. అతనికి రావలసినది 5,200 రూపాయలు.

ఇప్పుడు మొదటి రెండు చిట్టాలను అతని పేరు ఆధారంగా నేరుగా జతపరచితే ఏమగును? పన్నెండు వరుసలలో ప్రతి ఒక్కటీ రెండు అడ్వాన్సులతోనూ జోడుకట్టి ఇరవైనాలుగు వరుసలవుతాయి. కూలి రెండింతలై 14,400కు, అడ్వాన్సు పన్నెండింతలై 24,000కు చేరుతుంది. పనిచేసినవాడే 9,600 బాకీపడినట్లు తేలుతుంది! యంత్రం కూడికలో తప్పలేదు. మనం కలిపిన తీరే తప్పు.

పరిష్కారం సులభం. ఒక్కొక్క చిట్టాను విడివిడిగా, మనిషివారీగా కూడి, ఆ మొత్తాలను మాత్రమే పక్కపక్కన నిలపాలి. ఇందుకు రెండు చిట్టాలూ ఒకే మనుషుల పట్టికను వాడుకోవడం అవసరం. మనం ఇంటిపేరు ముందు వ్రాస్తాము. తండ్రి పేరు కలిపి వ్రాయడం గుజరాతు అలవాటు. ఒక చిట్టాలో ఒక తీరున, మరొకదానిలో మరొక తీరున వ్రాసినచో ఒక్క మనిషి ఇద్దరవుతాడు. కూలి ఒకరి పేరున, అడ్వాన్సు మరొకరి పేరున పడుతుంది. అందుచేత పేరును నమ్ముకొనక ప్రతి మనిషికీ మారని సంఖ్య ఒకటి ఇవ్వాలి.

అద్దకపు చిట్టాలో నేతగాని ప్రసక్తి లేదు. దానిని తక్కినవాటితో తేదీ ప్రకారం పోల్చవచ్చును. నేత చిట్టాలో గుడ్డ రకం కూడా వ్రాసి ఉంటే రకం ప్రకారమూ పోల్చవచ్చును. ‘ఇతడు నేసిన గుడ్డకు అద్దకం ఖర్చెంత?’ అని అడిగితే జవాబు దొరకదు. అది కావలెనంటే మగ్గం దిగిన నాడే తాకాకు ఒక నెంబరు వేసి, రెండు చిట్టాలలోనూ వ్రాయవలసి ఉంటుంది.

అమెరికన్ నిపుణుడు ర్యాల్ఫ్ కింబాల్ 1996లో వెలువరించిన గ్రంథం ఈ పద్ధతికి విశేష ప్రచారం తెచ్చినది. ఆయన మార్గాన్ని ఒక కాగితంపైనే ఆరంభించవచ్చును. అడ్డువరుసలలో పనులు, నిలువువరుసలలో ఆనవాళ్లు వ్రాసి, సంబంధమున్న చోట గుర్తు పెట్టాలి. ఏ చిట్టాలను ఎక్కడ పోల్చవచ్చునో, ఎక్కడ పోల్చరాదో ఆ కాగితమే చెబుతుంది. కంప్యూటరు కొనడానికి ముందే చేయవలసిన పని ఇది.