కొంటాకు కావలసినది ఆకాశ వాగ్దానం కాదు, తెగని తీగ!

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా!

ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు కలిసే చోట, శబరి ఒడ్డున వున్న పట్టణం కొంటా. కచేరీ భాష హిందీ అయినా బజారులో తెలుగు వినబడుతుంది. రైలు మార్గం లేదు. ఇటువంటి వూరిలో ఇంటికి టెలివిజన్, ఇంటర్నెట్, టెలిఫోన్ ఏ దారిన రావాలి? పైకప్పు మీది డిష్ ద్వారానా, వీధి వెంట వచ్చే తీగ ద్వారానా? ఇది దుకాణంలో తేలే బేరమని కొందరు అంటున్నారు. కాదు, ఇది ప్రజాసేవ ప్రశ్న, శ్రామికుని ఉద్యోగ ప్రశ్న అని మేము అంటున్నాము.

2025 జూన్‌లో అమెరికా కంపెనీ స్టార్‌లింక్‌కు కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చినది. అడవి ప్రాంతాలలో తీగ వేయడం దండగ, ఇక ఆకాశమే అన్నీ చూసుకొంటుందనే వాదం నేడు బలపడుతున్నది. ఈ వాదాన్ని మేము ఖండిస్తున్నాము.

ఉపగ్రహానికి మేము శత్రువులము కాము. టెలివిజన్ మట్టుకే అయితే డిష్ చాలు. 2004 డిసెంబరులో దూరదర్శన్ ఆరంభించిన ఉచిత డిష్ సేవకు నెలసరి చందా లేదు. పేద ఇంటికి అంతకు మించిన బేరం లేదు. కాని టెలివిజన్ ఒక వైపు నుండి వచ్చేది. ఇంటర్నెట్, టెలిఫోన్ రెండు వైపులా నడిచేవి. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచే ఉపగ్రహం ద్వారా మాట వెళ్లి బదులు రావడానికి సుమారు అర సెకను పడుతుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు అంతకన్న చాలా తక్కువ ఎత్తులో తిరుగుతాయి గనుక ఆ జాప్యం తగ్గుతుంది, నిజమే. అయినా కుండపోత వానలో సంకేతం బలహీనపడుతుంది. వాడేవారు పెరిగిన కొద్దీ వేగం పంచుకోవలసి వస్తుంది. ఫైబర్ తీగ సామర్థ్యం దానికి అనేక రెట్లు.

అంతకన్న ముఖ్యమైన ప్రశ్న, యజమాని ఎవరు? 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు మన ప్రభుత్వం టెలివిజన్ చూపించినది. తెలుగు పల్లెలూ అందులో వున్నవి. గడువు తీరగానే ఉపగ్రహం యజమాని చేతికి వెళ్లిపోయినది. అరువు ఆకాశం మీద ఇల్లు కట్టరాదని ఆనాడే తెలిసినది.

తీగ తెగిపోతుంది గదా అని అడిగేవారికి మా జవాబు: తెగిన తీగను కలిపేవాడిని ఎవరు పంపించివేశారు? 2020 జనవరి 31న ఒక్క రోజున బిఎస్ఎన్ఎల్ నుండి 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ పేరిట వెళ్లిపోయారు. లైన్‌మన్‌ను తీసివేసి, మరమ్మతు జరగలేదని తీగను నిందించడం ఏమి న్యాయం? ఫైబర్‌ను పంచాయతీలకు చేర్చే పథకాన్ని కేంద్రం 2011లో ఆమోదించినది. 2023 ఆగస్టులో దానికే సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయలతో మళ్లీ ఆమోదం తెలిపినది. తీగ అసాధ్యమని ప్రభుత్వమే అనలేదు!

తీగతో ఏమి సాధ్యమో సరిహద్దు దాటితే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ప్రభుత్వ ఫైబర్ పథకం, విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి, టెలివిజన్, ఇంటర్నెట్, టెలిఫోన్ మూడింటిని నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇచ్చినది.

ఈ విషయం మనకు పరాయిది కాదు. బ్రాంచి పోస్టాఫీసులో పొదుపు సొమ్ము చెల్లించే గ్రామీణ డాక్ సేవకునికి సిగ్నల్ లేకపోతే, నిలబడి నిందలు పడేది అతడే. 2000లో ఏర్పడిన రైల్‌టెల్‌కు రైలు పట్టాల వెంట 60 వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ వున్నది. అది ప్రజల సొత్తు. పట్టా లేని కొంటాకూ దానిలో వాటా వున్నది.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటిన వరదలో శబరి పొంగి కొంటాను ముంచెత్తినది. అటువంటి నాడు ఉపగ్రహ టెలిఫోన్ ప్రాణాలు కాపాడగలదు. అది ఆపత్కాలపు పడవ. పడవ వున్నదని వంతెన కట్టడం మానుకొంటామా?

కాబట్టి కొంటా కుటుంబాలకు మా సలహా: టెలివిజన్‌కు ఉచిత డిష్ పెట్టుకొనండి. తీగ వచ్చిన వీధిలో ఇంటర్నెట్‌కు, టెలిఫోన్‌కు తీగనే తీసుకొనండి. తీగ రాని చోట ఉపగ్రహం వాడండి, కాని తీగ అడగడం మానకండి.

ప్రభుత్వాన్ని మేము కోరేది మూడు. ప్రతి పోస్టాఫీసుకు, బడికి, ఆసుపత్రికి ప్రభుత్వ ఫైబర్ ఇవ్వాలి. దానిని కాపాడటానికి స్థానిక గిరిజన యువకులను పర్మనెంటు లైన్‌మన్లుగా నియమించాలి. తీగ చేరని అడవి గ్రామాలకు ప్రభుత్వ రంగం ద్వారానే ఉపగ్రహ సేవ అందించాలి.

ప్రతి బ్రాంచి ఈ కోర్కెలపై తీర్మానం చేసి పంపవలసినదిగా పిలుపునిస్తున్నాము.