సంపాదకుని మాట: ముద్రతో సరిపోదు

ఈ సంచికను ఖరీదైన హోటళ్ల బాధ్యతకు కేటాయించాం. మన సౌఖ్యానికి హోటలున్న ఊరి నీరు, నేల, మనుషులు ఏం చెల్లిస్తున్నారో అడగడం అతిథిగా మన బాధ్యత.

విశాఖలోని రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. మరుసటి ఏడాదే ఆ పక్క కొండమీది పాత హరిత రిసార్టును కూల్చి, పర్యాటక ప్రాజెక్టు పేరిట తవ్వకాలు సాగించారు. ఆ తవ్వకాలపై వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ మీదుగా 2022లో సుప్రీంకోర్టుకు చేరింది. పాత కట్టడాలున్న చోట, చదునుగా ఉన్న చోట మాత్రమే కట్టుకోవచ్చని, హైకోర్టు తేల్చేదాకా కొత్తగా తవ్విన చోట కట్టకూడదని కోర్టు చెప్పింది. తీరానికి దక్కిన గుర్తింపు కొండను కాపాడలేదు. ఏ ధ్రువపత్రమైనా తాను కొలిచిన దానికే సాక్ష్యం.

అందుకే హోటల్‌ను సూటిగా అడగాలి. రోజుకు బోరు నీరు ఎంత తోడుతున్నారు? లాండ్రీ నీరు శుద్ధి చేశాక ఎటు పోతోంది? తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తున్నారా? కాంట్రాక్టు మీద గదులు శుభ్రం చేసేవారికి పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా? స్థానికులకు ఊడ్చే పనులేనా, మేనేజరు ఉద్యోగాలూ ఇస్తున్నారా? బల్లమీది మామిడికి తిరువూరు రైతుకు సరైన ధర ముట్టిందా?

వేణుగోపాలస్వామి కోసం భక్తులు తరలివచ్చే మన నెమలి గ్రామంలో రేపు పెద్ద విడిది కట్టినా ఇవే ప్రశ్నలు వేద్దాం. జవాబులు అంకెల్లో, కాగితం మీద అడుగుదాం. అవి ఇచ్చిన చోటే గది తీసుకుందాం.