అల్యూమినియం పడవలో తీగల చిక్కుముడి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం తన వాహనాల నంబరు పలకల మీదనే "10,000 సరస్సులు" అని చాటుకుంటుంది. శీతకాలమంతా గడ్డకట్టి ఉన్న ఆ సరస్సులు వసంతంలో కరగనారంభించగానే ఇళ్ళ ముంగిళ్ళలో పాత పడవలు అమ్మకానికి వెలుస్తాయి. పదహారడుగుల అల్యూమినియం పడవ, దాని వెనుక బిగించిన ఇంజను, కింద రెండు చక్రాల బండి. కొనవచ్చినవాడు రేకును తట్టి చూస్తాడు; రివెట్ల వరుసను పరికిస్తాడు; ఇంజను నడిపించి దాని శబ్దం వింటాడు. బేరం కుదురుతుంది. చుక్కాని చక్రం కింది మూత తీసి చూడాలన్న ఆలోచన మాత్రం చాలామందికి ఇల్లు చేరాక గాని రాదు.

మూత తీస్తే కనిపించేది ఒక తీగల ఉండ. ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు తీగలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి. కొన్ని ఎక్కడికీ పోకుండా తెగి వేలాడుతుంటాయి. కొన్నిటి అతుకుల మీద టేపు చుట్టి ఉంటుంది. దాని జిగురు ఏనాడో కరిగిపోయింది. "పంపు" అని రాసి ఉన్న స్విచ్చి నొక్కితే దీపం వెలుగుతుంది. "దీపం" అని ఉన్నది నొక్కితే ఏమీ జరగదు.

ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. పడవ దీర్ఘాయువే దీనికి కారణం. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాలు నిర్మించిన గ్రమ్మన్ సంస్థ 1940ల మధ్యకాలంలో అల్యూమినియం రేకుతో కెనూలు చేయడం మొదలుపెట్టింది. మిన్నెసోటాలోనే న్యూయార్క్ మిల్స్ అనే చిన్న పట్టణంలో 1948లో లుండ్ పడవల నిర్మాణం ఆరంభమైంది. కొయ్య కుళ్ళుతుంది, ఇనుము తుప్పు పడుతుంది; తేలికైన ఈ లోహం మాత్రం రెండు మూడు తరాలు నిలుస్తుంది. కాని లోపలి తీగలకు అంత ఆయువు లేదు. పడవ చేతులు మారినప్పుడల్లా ఒక యజమాని చేపల జాడ తెలిపే యంత్రాన్ని చేరుస్తాడు. మరొకడు పట్టిన చేపలను బతికించి ఉంచే తొట్టికి పంపు పెడతాడు. ఇంకొకడు పాటలపెట్టె తగిలిస్తాడు. పాతదాన్ని తొలగించే ఓపిక ఎవరికీ ఉండదు. అలా ముప్పై ఏళ్ళలో తీగలు పేరుకుపోతాయి.

రంగులు చెప్పే అబద్ధం

చిక్కు విప్పబూనినవాడు మొదట రంగులను నమ్ముతాడు. మన ఇళ్ళలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు అన్న సంగతి పాఠకులకు తెలిసినదే. అమెరికాలో ఇంటి తీగలలో నలుపే ప్రాణాంతకమైనది, తెలుపు న్యూట్రల్. అదే దేశపు పడవలలో పన్నెండు వోల్టుల బ్యాటరీ విషయానికి వచ్చేసరికి ఎరుపు ధనధ్రువానికి, నలుపు లేదా పసుపు రుణధ్రువానికి గుర్తులు. ఒకే నలుపు ఇంట ఒక అర్థాన్ని, పడవలో మరొక అర్థాన్ని ఇస్తున్నది గనుకనే, 1954లో స్థాపితమైన అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ తన ప్రమాణాలలో రుణ తీగకు పసుపును కూడా అనుమతించింది.

ప్రమాణాలు కాగితం మీద ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం పని ముగించాలన్న తొందరలో ఉన్న యజమాని చేతికి ఏ రంగు చుట్ట దొరికితే దానినే వాడతాడు. అందుచేత పాత పడవలో రంగు ఒక సూచన మాత్రమే, సాక్ష్యం కాదు. సాక్ష్యం చెప్పవలసింది మీటరు.

కారు వేరు, పడవ వేరు

తీగలు తారుమారైతే దీపం వెలగదు, అంతే కదా అని తోచవచ్చు. అల్యూమినియం పడవలో అంతకంటె పెద్ద ప్రమాదం ఒకటి దాగి ఉన్నది. కారులోగాని ట్రాక్టరులోగాని దీపానికి ఒక్క తీగే పోతుంది. విద్యుత్తు తిరిగి బ్యాటరీకి చేరడానికి బండి శరీరమే దారి. మెకానిక్కులు దీనినే "బాడీ ఎర్తు" అంటారు. కార్ల పని తెలిసిన యజమాని పడవనూ అలాగే చూస్తాడు. ఇదీ లోహమే కదా అని ఒక మర బిగించి, దీపపు రెండో తీగను రేకుకే తగిలిస్తాడు. దీపం చక్కగా వెలుగుతుంది. తప్పు జరిగిందని తెలిపే చిహ్నమేదీ ఉండదు.

కాని కారు నీటిలో నిలిచి ఉండదు. పడవ నిలుస్తుంది. నీటిలో మునిగిన లోహాల ప్రవర్తన ఎలాంటిదో బ్రిటిష్ నౌకాదళం ఏనాడో అనుభవించి తెలుసుకున్నది. 1761లో "అలారం" అనే యుద్ధనౌక కొయ్య అడుగుభాగానికి పురుగు పట్టకుండా రాగి రేకు తొడిగారు. రెండేళ్ళు తిరగకముందే రాగిని తాకిన ఇనుప మేకులు పొడిపొడిగా రాలిపోయాయి. రేకులకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం పొరపాటున మధ్యలో ఉండిపోయిన చోట్ల మాత్రం మేకులు భద్రంగా ఉన్నాయి. రెండు వేరువేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకితే వాటంతటవే ఒక బ్యాటరీగా మారతాయని, వాటిలో బలహీనమైనది కరుగుతుందని దాని అర్థం. రాగి, అల్యూమినియం కలిసినప్పుడు కరిగేది అల్యూమినియమే. తీగలోని తెగిన రాగి పోగులు, జారిపడిన రాగి నాణెం, నేలకు పరచిన రాగి మందు పట్టిన చెక్క - తడి అడుగుభాగంలో ఇవన్నీ ఆ లోహానికి శత్రువులే.

ఇది లోహాలు తమంతట చేసుకొనే పని. దీనికి పన్నెండు వోల్టుల బ్యాటరీ తోడైతే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. విద్యుత్తు లోహాన్ని వదిలి నీటిలోకి దిగే చోట లోహం కరిగిపోతుంది. ఎంత కరుగుతుందో లెక్క వేయడం 1830లలో మైకేల్ ఫారడే నేర్పాడు. ఒక ఆంపియరు ఒక గంట ప్రవహిస్తే సుమారు 0.34 గ్రాముల అల్యూమినియం కరుగుతుంది. ఒక ఆంపియరులో ఇరవయ్యో వంతు, అంటే మీటరు పలక వెనుక వెలిగే చిన్న బల్బు తీసుకొనే విద్యుత్తులో ఇంచుమించు సగం, ఒకే చోట నెలరోజులు నీటిలోకి కారితే 12 గ్రాముల లోహం పోతుంది. 1.6 మిల్లీమీటర్ల మందం గల రేకులో అది 6 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రని రంధ్రంతో సమానం. బ్యాటరీకి ఛార్జరు తగిలించి ఉంచితే కారుతున్న సంగతి కూడా బయటపడదు.

వేటాడి వచ్చి బండి మీద ఇంటికి చేర్చే పడవకు ఇంత భయం లేదు. మంచినీటిలో ఈ క్రియ ఉప్పునీటిలోకంటె మందకొడి. వేసవి అంతా రేవుకు కట్టి ఉంచేవానికి మాత్రం ఇది లెక్కలోని మాట కాదు. అందుకే అల్యూమినియం పడవలో అన్నిటికంటె ముందు పాటించవలసిన సూత్రం ఇది: ప్రతి పరికరానికీ రెండు తీగలు. పోయిన విద్యుత్తు తన తీగ ద్వారానే తిరిగి రావాలి. పడవ శరీరం ఎన్నటికీ తీగ కారాదు.

చిక్కు విప్పే క్రమం

మొదటి పని బ్యాటరీని విడదీయడం. ముందు రుణ తీగ, తరువాత ధన తీగ. క్రమం తప్పితే, ధనధ్రువం మీద ఉన్న స్పానరు జారి రేకును తాకిందంటే నిప్పురవ్వలు లేస్తాయి. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజను, అడుగున పేరుకొనే పెట్రోలు ఆవిరి ఆ రవ్వ కోసమే కాచుకొని ఉంటాయి. తిరిగి కలిపేటప్పుడు రుణ తీగ చివరగా కలపాలి.

రెండవది ఒక కాగితం. పడవ ఆకారం గీసి, ముందు దీపం, వెనుక దీపం, పంపులు, స్విచ్చిలు, బ్యాటరీ ఎక్కడెక్కడ ఉన్నవో గుర్తించాలి. తరువాత మీటరుకు పొడవైన విడి తీగ ఒకటి చేర్చి, ఈ కొసన ఉన్న తీగ ఆ కొసన ఏదో ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. నేల కింద నురుగు నింపిన పడవలలో తీగల నడక కంటికి కనబడదు. మీటరు ఒక్కటే వాటి ఆచూకీ తెలుపుతుంది. దొరికిన ప్రతి తీగకు రెండు కొసలా ఒకే అంకె వేసిన చీటీ కట్టాలి. ఏ కొసా దొరకని తీగను ఊరకే ఉంచరాదు. దానిని తీసివేయాలి, లేదా కొసలు మూసి "వాడుకలో లేదు" అని రాయాలి.

మూడవది అసలైన పరీక్ష. ఇంజను తీగలను కూడా విడదీసి, మీటరు ఒక కొసను గీకిన రేకుకు, మరొక కొసను ప్రతి తీగకూ తాకించాలి. ఎక్కడా దారి కనబడరాదు. ముందే ఇంజనును విడదీయడానికి కారణం ఉన్నది: దాని లోహపు దిమ్మ నిర్మాణంలోనే రుణధ్రువానికి కలిసి ఉంటుంది, అది పడవకు బిగించిన చోట రేకును తాకవచ్చు. ఆ ఒక్క స్పర్శ సహజం. దానికి తోడు దీపాలూ పంపులూ రేకును దారిగా వాడుకోవడమే దోషం.

చీకట్లో చెప్పే మాట

ఎక్కువమందిని తికమకపెట్టేది దీపాల స్విచ్చి. దానికి మూడు స్థానాలు. మధ్యలో ఉంటే అన్నీ ఆరిపోతాయి. ఒకవైపు నొక్కితే ముందున్న ఎరుపు-ఆకుపచ్చ దీపం, వెనుక స్తంభం మీది తెల్లదీపం రెండూ వెలగాలి. పడవ నడుస్తున్నదని అర్థం. మరొకవైపు నొక్కితే తెల్లదీపం ఒక్కటే వెలగాలి. పడవ లంగరు వేసి నిలిచి ఉన్నదని అర్థం. స్విచ్చి వెనుక తీగ ఒక్కటి మారితే ఈ భాష తలకిందులవుతుంది. ఎదుటి పడవవాడు చీకట్లో చూసేది మనిషిని కాదు, దీపాన్ని. ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ చూసి ఎవరు తప్పుకోవాలో అతడు నిర్ణయిస్తాడు. కదులుతున్న పడవ నిలిచి ఉన్నట్లు చెబితే ఫలితం ఊహించవచ్చు.

నీరు తోడే పంపుకు ఒక తీగ స్విచ్చి గుండాను, మరొకటి నీటిమట్టాన్ని పసిగట్టే తేలుడు స్విచ్చి గుండా, ఫ్యూజు దాటి, నేరుగా బ్యాటరీకీ పోవాలి. ఈ రెండవదానిని కూడా పెద్ద స్విచ్చికే కలిపిన యజమాని, రాత్రి అన్నీ ఆర్పి నిద్రపోతాడు. ఆ రాత్రి కురిసిన వాన నీటిని తోడేవారుండరు.

ఇక తీగ లావు. ముందుభాగాన ఉండే చిన్న విద్యుత్ మోటారు 40 ఆంపియర్లు తీసుకొంటుందనుకొందాం. పోనూ రానూ 9 మీటర్ల దారి. దీపాలకు వాడే 1.3 చదరపు మిల్లీమీటర్ల తీగతో దానిని కలిపితే పన్నెండు వోల్టులలో 4.7 దారిలోనే హరించుకుపోతాయి. 190 వాట్ల వేడి తీగలో పుడుతుంది. 13 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం అర వోల్టు లోపే. మోటారు నెమ్మదించిందని బ్యాటరీని నిందించేవారు చాలామంది. అసలు దోషి నేల కింద మెల్లగా కాగుతున్న తీగ.

అక్కడ ఫ్యూజు కాపాడాలి. ఫ్యూజు పరికరం కోసం అనుకోవడం పొరపాటు. అది తీగ కోసం. తీగ ఎంత మోయగలదో దానిని బట్టి ఫ్యూజు ఉండాలి. కౌన్సిల్ ప్రమాణం ప్రకారం, స్టార్టరుకు పోయే లావు తీగ మినహా, అది బ్యాటరీకి 7 అంగుళాల లోపున ఉండాలి. తొడుగులో నడిపిన తీగలకు మాత్రం కొంత సడలింపు ఉన్నది. ఫ్యూజుకు ముందున్న భాగం రేకుకు రాసుకొంటే దానిని ఆపగలిగేది ఏదీ లేదు.

అతుకుల విషయంలో ఇంటి పద్ధతులు పనికిరావు. పడవ నిరంతరం అదురుతుంటుంది. ఒంటి తీగ విరుగుతుంది; కనుక తగరపు పూత గల సన్నని పోగుల తీగ కావాలి. ఉత్త టంకం మీదనే ఆధారపడరాదు. లగ్గు తొడిగి, పనిముట్టుతో గట్టిగా నొక్కి, జిగురు లోపల ఉన్న గొట్టాన్ని వేడిచేసి ముడుచుకొనేట్లు చేస్తే తడి చొరబడదు. రేకులోనుంచి తీగ దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు కంకణం ఉండాలి.

ఈ పనికి రెండు శని, ఆదివారాలు పట్టవచ్చు. పూర్తయిన సాయంత్రం, మసక వెలుతురులో కుటుంబంలో ఒకరిని ఒడ్డున నిలిపి, ఒక్కొక్క స్విచ్చి నొక్కుతూ ఏది వెలిగిందో కేకవేసి చెప్పమనడం ఉత్తమమైన పరీక్ష. చివరికి మిగిలే పని ఒక్కటే: చీటీలలోని అంకెలతో సహా ఆ పటాన్ని శుభ్రంగా తిరగరాసి, నీరు చొరని సంచిలో పెట్టి, చుక్కాని కింది మూత లోపలివైపు అతికించడం. పడవ మళ్ళీ ఎప్పుడో చేతులు మారుతుంది. ఆనాడు మూత తీసినవానికి తీగల ఉండకు బదులు ఆ కాగితం కనబడుతుంది.