సీసా మారితే పురుగు చస్తుందా?

పురుగుమందు అరువిచ్చి, పంట చేతికి రాగానే బాకీ జమకట్టుకోవడం తర్లుపాడు, మార్కాపురం ప్రాంతాల వ్యాపారులకు కొత్త కాదు. ఈ బేరానికి పంట ఒక్కటే హామీ. మందు పనిచేయకపోతే ఆ హామీ లేదు.

1987-88 సీజనులో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో జరిగింది అదే. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ వంటి మందులు పదేపదే చల్లినా శనగపచ్చ పురుగు లొంగలేదు. పంట పోయి అప్పు మిగిలింది. రైతుల ఆత్మహత్యలు సంభవించాయి.

ఈ రెండూ సింథటిక్ పైరిత్రాయిడ్లే. పురుగు నరంలో సోడియం ప్రవేశించే ద్వారాన్ని ఇవి సకాలంలో మూతపడనివ్వవు. నరం ఆగకుండా అదిరి, పురుగు వణికి చస్తుంది. క్వినాల్‌ఫాస్, క్లోరోపైరిఫాస్‌ల దెబ్బ వేరు. నరాల మధ్య సంకేతాన్ని చెరిపే ఎంజైమును అవి స్తంభింపజేస్తాయి.

అయితే వేలాది పురుగులలో ఏ కొద్దిటికో ఆ ద్వారం కాస్త భిన్నంగా ఉంటుంది, లేదా మందును విరిచివేసే శక్తి ఎక్కువగా ఉంటుంది. మందు మిగతావాటిని చంపి, చేనును వీటికి అప్పగిస్తుంది. తర్వాతి తరం వీటి సంతానమే. అప్పుడు సైపర్‌మెత్రిన్ బదులు ఫెన్‌వలరేట్ ఇస్తే సీసా మారుతుందేగాని దెబ్బ తగిలే చోటు మారదు. ఇదే పురుగు కంది కాయనూ తొలుస్తుంది గనుక కంది వ్యాపారులకూ ఇది పరాయి విషయం కాదు.

ఒకే వర్గం మందు వెంటవెంటనే అమ్మకుండా, వర్గం మార్చి, పురుగు ఉధృతిని బట్టి ఇస్తే దుకాణంలో ఆ వారం అమ్మకం తగ్గవచ్చు. బాకీ తీరేది మాత్రం కాటాకెక్కే బస్తాలతోనే.