కంపెనీ కొలువులు - సీమ బిడ్డలు

2025 జూలై నెలలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ తన ఉద్యోగులలో నూటికి ఇద్దరిని, అనగా సుమారు 12,000 మందిని, తొలగింప నిశ్చయించినట్లు ప్రకటించెను. ఆరులక్షల సిబ్బందిగల సంస్థకు ఇది స్వల్పసంఖ్యయే. కాని కోవెలకుంట్లలోనో ప్రొద్దుటూరిలోనో కుమారుని చదువునకై రెండెకరములు అమ్ముకొన్న తండ్రికి ఈ లెక్క వేరుగా తోచును. బెంగుళూరు, హైదరాబాదు నగరముల కంపెనీలను నమ్ముకొన్న కుటుంబములు నేడు మన కర్నూలు, కడప ప్రాంతములలో ఎన్నియో కలవు. కావున ఇది మన ఇంటి విషయమే.

మొదట ఈ కొలువుల మేలు చెప్పుట న్యాయము. మెట్టసేద్యమున ఆదాయము వచ్చునో రాదో వానదేవునికే యెరుక. వేరుశనగ ఊడలు దిగువేళకు చినుకు పడకున్న పెట్టుబడియు దక్కదు. కంపెనీ జీతమన్ననో నెలనెలా చేతికందును. ఆ జీతముతో బ్యాంకు అప్పులు తీరినవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి, కంపెనీ భీమాతో ముసలి తలిదండ్రులకు వైద్యము దొరకినది. సిఫారసు ఉత్తరము లేనిదే గుమాస్తా పనియు దొరకని దినములను చూచినవారు, వ్రాతపరీక్షతో ఉద్యోగమిచ్చు పద్ధతిని తేలికగా త్రోసివేయజాలరు. ఆడపిల్లలు స్వార్జితముతో నిలబడుట మా దృష్టిలో అన్నిటికంటె పెద్ద మేలు. 1985లో కర్నూలున జి. పుల్లారెడ్డి ఇంజనీరింగు కళాశాల వెలసిననాడు ఇంతమార్పును ఊహించినవారు అరుదు.

ఇక రెండవవైపు చూతము. క్రొత్తగా చేరువారికి పదేండ్ల క్రిందట సాలుకు మూడు, మూడున్నర లక్షలిచ్చిన సంస్థలు పెక్కు నేటికిని రమారమి అంతే యిచ్చుచున్నవి. ఇంటి అద్దెలు మాత్రము అచ్చటనే నిలిచియుండలేదు. ఎన్నికయైనను పిలుపు వచ్చుదాక నమ్మకము లేదు. ఇన్ఫోసిస్ సంస్థ 2022లో ఎన్నుకొన్నవారిలో కొందరు రెండేండ్లు ఎదురుచూచి 2024లో చేరిరి. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ మూడుసార్లు పరీక్ష తప్పిరని మైసూరు శిక్షణాలయమునుండి 300 మందికి పైగా యువకులను పంపివేసెను. పరీక్ష పెట్టుటను మేము తప్పుపట్టము. రెండేండ్ల యౌవనమును నిరీక్షణలో గడపించిన సంస్థ ఆ కాలమునకు ఏమి వెల కట్టెనని మాత్రమే అడుగుచున్నాము.

చేరినవారి బాధ ఇంకొకటి. పని అప్పగింపక కూర్చుండబెట్టుటకు వారు బెంచి యని పేరుపెట్టిరి. జీతము వచ్చుచునేయుండును, నిద్ర మాత్రము రాదు. టాటా సంస్థ 2025 జూనులో ఈ బెంచికాలము సాలుకు 35 దినములకు మించరాదని నియమము చేసెను. పని చూపవలసినది సంస్థ, దొరకనిచో దండన ఉద్యోగికి! తాను మానదలచినచో మూడునెలలు ఆగవలెను. తన్ను మానిపించునప్పుడు మాత్రము అప్పటికప్పుడు రాజీనామా వ్రాసియిమ్మందురని పలువురు మొరపెట్టుచున్నారు.

దొడ్డ సంస్థ యనిన చెక్కుచెదరనిదను భ్రమ మనవారికి కలదు. మన కె.సి. కాలువను త్రవ్వించిన మదరాసు ఇరిగేషన్ కంపెనీ నష్టములతో నడువలేక 1882లో ప్రభుత్వమునకు అమ్ముడుపోయిన సంగతిని తాతలు మరచిరి. 2009 జనవరి 7వ తేదీన సత్యం అధిపతి తన లెక్కలు బూటకములని తానే ఒప్పుకొనినపుడు మనుమలు చూచిరి. ఒక్క ఉదయమున వేలకొలది యిండ్లలో వణుకు పుట్టెను. ఇంతయైనను పెండ్లిసంబంధములలో కంపెనీ పేరు చెప్పి కట్నము పెంచు పెద్దలు మనలో తగ్గలేదు.

వారమునకు 70 గంటలు పనిచేయవలెనని ఇన్ఫోసిస్ స్థాపకులు నారాయణమూర్తిగారు 2023 అక్టోబరులో యువకులకు బోధించిరి. 2025 జూనులో ఆంధ్రప్రదేశ మంత్రివర్గము దినమునకు 10 గంటల పనికి అనుమతింప నిశ్చయించెను. ఎద్దులకైనను కాడి విప్పు వేళ యొకటి యున్నదని సేద్యగాండ్రైన మన పాఠకులెరుగుదురు.

చట్టము బొత్తిగా నిస్సహాయము కాదు. 2015లో టాటా సంస్థ తొలగించిన ఉద్యోగి యొకడు, అతడు అధికారియే గాని కార్మికుడు కాడను వాదమునెదిరించి, 2022లో చెన్నై కార్మిక న్యాయస్థానమున తన్ను తిరిగి పనిలో చేర్చుకొనవలెనను తీర్పు పొందెను. అయితే దానికి ఏడేండ్లు పట్టినది. అంతకాలము ఇల్లు గడుపుకొనగలవారెందరు? కావున ఎన్నిక జరిగిననాడే చేరవలసిన తేదీని, ఆలస్యమైనచో చెల్లింపవలసిన పరిహారమును కంపెనీలచేత వ్రాయించుకొనక మన కళాశాలలు తమ ఆవరణమున పరీక్షలకు చోటీయరాదు. తొలగింపు తగవులను ఆరునెలలలో తీర్చునట్లు రాష్ట్రప్రభుత్వము ఏర్పాటు చేయవలెను. ఉద్యోగి స్వస్థలమునుండియే అర్జీ పెట్టుకొను వీలు కల్పింపవలెను. మన శాసనసభ్యులు ఈ విషయమును రానున్న సమావేశములలో లేవనెత్తుదురా?