రాత్రి ఉంది, అనుమతే లేదు

చలికాలంలో కారేసుకుని ఆర్కిటిక్ దాకా పోయి ధ్రువకాంతి చూసొచ్చినవాళ్ల వీడియోలు మనందరి ఫోన్లలో తిరుగుతున్నాయి. అక్కడ ఎండాకాలంలో చీకటే పడదు, అందుకే చలికాలం పోతారు. మనకు రోజూ చీకటి పడుతుంది, ఆడపిల్ల మిద్దె ఎక్కి ఆకాశం చూస్తానంటే మాత్రం “ఇంత రాత్రప్పుడా?” అంటారు.

ఆకాశాన్ని చదవడం మన ఊరికి కొత్త కాదు. విశ్వకిరణాలు గాలిలో పుట్టించే న్యూట్రినోల జాడను 1965లో మన కేజీఎఫ్ గనిలోనే, రెండు కిలోమీటర్లకు మించిన లోతున పట్టుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదట ఆ జాడ దొరికిన చోట్లలో ఇదొకటి.

మేమేం నార్వేకు టికెట్ అడగడం లేదు. డిసెంబర్ 14 దగ్గర్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి. ఆ ఒక్క రాత్రి మేడమ్‌లు తోడుంటే కాలేజీ మిద్దె మీద అందరం కూర్చుందాం. ఇంట్లో చూపించడానికి మాకు కావాల్సింది ఒక్క సర్క్యులరే.