భీముడికి లడ్డూలు సరే, మరి చుట్కీకి?

పిల్లలున్న ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పాలా? బడి నుంచి వచ్చీ రాగానే సంచీ ఒక మూల, చెప్పులు ఇంకో మూల. "అమ్మా, తినడానికేముంది?" అని అడిగిన నోటితోనే "టీవీ పెట్టవా" అంటారు. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది, దండెం మీద బట్టలు తియ్యాలి, పాలవాడు కేకేస్తుంటాడు. పోనీలే, ఓ అరగంట కదలకుండా కూర్చుంటారు కదా అని పెట్టేస్తాం. ఇక మన పని మనది, వాళ్ళ లోకం వాళ్ళది.

ఆ లోకం పేరు చాలా ఇళ్ళల్లో ఢోలక్‌పూర్. అక్కడి మహావీరుడికి తొమ్మిదేళ్ళు. నారింజరంగు పంచె, ఒంటిమీద చొక్కా ఉండదు, చేతిలో లడ్డూ. అవును, ఛోటా భీమ్ సంగతే చెబుతున్నాను. "ఆ బొమ్మల గోల మాకెందుకమ్మా" అనకండి. ఆ గోలలో మనకు సంబంధించిన మాట ఒకటుంది. కాస్త ఓపిగ్గా వినండి.

పిల్లలకు పాత భాగాలన్నీ కంఠతా వచ్చు. ఎక్కడ కాలియా బోర్లా పడతాడో, ఎక్కడ జగ్గు కోతి చెట్టు మీంచి ఊగుతూ వస్తుందో ముందే చెప్పేస్తారు. అదే కొత్త భాగం వచ్చిందనుకోండి, మొదటి బొమ్మ పడగానే పసిగట్టేస్తారు. "ఒరేయ్, కొత్తదిరా!" అని ఒకడు అరిస్తే పక్కింటి వాడు గోడ దూకి వచ్చేస్తాడు. మా అర్ధవీడు వీధుల్లోనూ అంతే, కంభంలోనైనా గిద్దలూరులోనైనా అంతే. ఖర్మకాలి సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందా, ఆ ఏడుపు చూడాలి! కరెంటు ఉన్న వీధిలో వాళ్ళింటికి పరుగెత్తి, మిగతా కథ అక్కడ చూసి, చూడని వాళ్ళకు చెప్పడానికి మళ్ళీ పరుగెత్తి వస్తారు.

అసలు తమాషా అంతా ఆ చెప్పడంలోనే ఉంది. "అమా, అప్పుడేమైందో తెలుసా? వాడు ఇట్లా వచ్చినాడు, భీమ్ ఇట్లా ఒక్క గుద్దు గుద్దినాడు..." అంటూ చేతులూ కాళ్ళూ ఆడిస్తూ మన కొంగు పట్టుకుని చెబుతారు. మనమేమో "సర్లే, ముందు కాళ్ళు కడుక్కో" అంటాం. రెండోసారి చెప్పబోతే "నీ భీమూ వద్దు, గీమూ వద్దు, హోంవర్క్ తియ్యి" అంటాం. మూడోసారి వాడు చెప్పడు. పెద్దయ్యాక "మావాడు నాతో ఏమీ చెప్పడు వదినా" అని మనమే ఇంకొకరి దగ్గర వాపోతాం.

ఈ భీముడు ఎక్కడివాడు?

పైదేశం సరుకేమో అనుకునే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాదు, ఈ భీమ్ పుట్టింది మన హైదరాబాదులోనే. రాజీవ్ చిలకగారు అమెరికాలో చదువుకుని, యానిమేషన్ నేర్చుకుని వచ్చి, 2001లో గ్రీన్ గోల్డ్ అనే సంస్థ పెట్టారు. ఛోటా భీమ్ పోగో ఛానెల్లో 2008 ఏప్రిల్లో మొదలైంది. 2012లో సినిమా హాళ్ళకూ వచ్చింది. 2019లో, ఇంకా పాకే వయసులో ఉన్న బుల్లి భీమ్‌తో నెట్‌ఫ్లిక్స్‌లో మరో వరుస వచ్చింది. అందులో మాటలుండవు. చీర కట్టుకున్న అమ్మా, అల్లరి చేసే బిడ్డా, ఇల్లూ వాకిలీ. అమ్మ కళ్ళు తిప్పిందా ఏ భాష వాళ్ళకైనా అర్థమైపోతుంది కదా!

పేరు మాత్రం మన భారతం నుంచి తీసుకున్నదే. ఆ భీముడు బకాసురుడికి తీసుకెళ్ళిన బండెడన్నం తనే తినేసి, ఆ తరువాత వాణ్ణి చంపాడని మన అమ్మమ్మలు చెప్పారు. ఈ చిన్న భీముడికి బండెడన్నం అక్కర్లేదు, ఒక్క లడ్డూ చాలు. నోట్లో వేసుకోగానే కండలు ఉబ్బుతాయి, శత్రువు ఎగిరి అవతల పడతాడు.

మరి ఆ లడ్డూ ఎక్కడిది? అక్కడే ఉంది మన సంగతి.

లడ్డూ అందించే పిల్ల

ఢోలక్‌పూర్‌లో టున్‌టున్ మౌసీకి లడ్డూల దుకాణం ఉంది. ఆవిడ కూతురే చుట్కీ. గులాబీరంగు బుగ్గల ఏడేళ్ళ పిల్ల. భీమ్‌కి కావలసినప్పుడల్లా అమ్మ కంట పడకుండా లడ్డూలు తెచ్చి ఇచ్చేది ఆ పిల్లే. అడవికి వెళ్ళినా కొండెక్కినా భీమ్ వెంట ఉంటుంది, అపాయంలోనూ పాలు పంచుకుంటుంది. చివర్లో జేజేలు ఎవరికి? భీమ్‌కే. దండ ఎవరి మెడలో? భీమ్ మెడలోనే. వేడి మూకుడు ముందు నిలబడి లడ్డూలు చుట్టిన మౌసీని పిలిచి ఇంద్రవర్మ మహారాజు ఒక్క చీరైనా పెడతాడా?

నవ్వుతున్నారా? నవ్వండి. ఈ ముక్క మనకు కొత్తదా ఏం!

కొత్త భాగం చూసిన మర్నాడు పిల్లలు ఆడుకునే ఆట ఎప్పుడైనా గమనించారా? నేను మా వీధి అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంటాను. మగపిల్లల్లో ఇద్దరు ముగ్గురు "నేను భీమ్" అంటే "నేను భీమ్" అని కొట్టుకుంటారు. బొద్దుగా ఉన్నవాడు పాపం, వద్దన్నా కాలియా అవుతాడు. ఆటలో ఉన్న ఒక్క ఆడపిల్లకు మాత్రం అడగకుండానే చుట్కీ వేషం. ఆ పిల్ల పని ఏమిటి? గుండ్రటి రాళ్ళు ఏరుకొచ్చి "ఇంద భీమ్, లడ్డూ" అని అందించడం. ఒకరోజు ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని "నేను భీమ్ అయితాను, మీరు తెండి లడ్డూలు" అంది. మగపిల్లలు ఒప్పుకోలేదు. "ఆడపిల్ల భీమ్ యాడైనా ఉంటదా?" అన్నాడొకడు. వాడికి ఆరేళ్ళు! ఆ మాట వాడికి టీవీ ఒక్కటే నేర్పిందంటారా? అన్నం తిన్న కంచం ఎవరు తీస్తున్నారో, మంచినీళ్ళు ఎవరు అందిస్తున్నారో రోజూ ఇంట్లో చూడటం లేదూ!

చుట్కీకి న్యాయం కావాలన్నారు

ఈ మాట నా ఒక్కదానికే తట్టిందనుకోకండి. 2020లో లాక్‌డౌన్ పెట్టి అందరం ఇళ్ళల్లో కూర్చున్న రోజులు గుర్తున్నాయి కదా? అప్పుడు ఉన్నట్టుండి ఓ వార్త గుప్పుమంది. భీమ్ పెద్దవాడై రాజుగారి కూతురు ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడట! అంతే, 2008లో నిక్కర్లేసుకుని భీమ్‌ని చూసిన పిల్లలు అప్పటికి మీసాలొచ్చిన వాళ్ళయ్యారు, ఓణీలేసిన వాళ్ళయ్యారు. వాళ్ళంతా "చుట్కీకి న్యాయం చెయ్యాలి" అంటూ ట్విట్టర్‌ను హోరెత్తించారు. చిన్నప్పట్నుంచీ దొంగచాటుగా లడ్డూలు పెట్టింది చుట్కీ అయితే పెళ్ళి మాత్రం రాకుమారితోనా అని కొందరికి కోపం, కొందరికి వేళాకోళం. చివరికి గ్రీన్ గోల్డ్ వాళ్ళే ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. భీమ్, చుట్కీ, ఇందుమతి అందరూ ఇంకా చిన్నపిల్లలేనని, పెళ్ళి వార్త అబద్ధమని చెప్పారు.

చూశారా, లేని పెళ్ళికి ఎంత రభసో! అయినా ఆ నవ్వులాటలో ఓ నిజం ఉంది. పన్నెండేళ్ళ తరువాత కూడా ఆ పిల్లలు లడ్డూ పెట్టిన చేతిని మరచిపోలేదు. కాకపోతే నాకు నచ్చనిది ఒకటుంది. చుట్కీకి న్యాయమంటే భీమ్‌తో పెళ్ళేనా? ఆ పిల్లకూ జేజేలు కొట్టడం, ఆ పిల్ల చేతికీ ఓ లడ్డూ అందించడం న్యాయం కాదూ? లడ్డూలు పెట్టినందుకు బదులుగా పెళ్ళి అనే లెక్క మన ఆడపిల్లలకు నేర్పడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. మీరేమంటారు?

అందుకే నేను చెప్పేదేమిటంటే, టీవీ కట్టేసినంత మాత్రాన పని అయిపోదు. ఈసారి కొత్త భాగం వచ్చినప్పుడు మీరూ పక్కన కూర్చోండి. రోజూ అక్కర్లేదు, వారానికి ఒక్కసారి చాలు. చేతులు ఖాళీగా పెట్టుకోమనీ అనను. శనక్కాయలు ఒలుచుకుంటూనో, చింతపండు గింజలు తీసుకుంటూనో చూడండి. అయిపోయాక "ఎవరు గెలిచారు?" అని అడక్కండి, అది అందరికీ తెలిసిందే. ఇలా అడగండి: "నువ్వే అక్కడుంటే ఏం చేసేవాడివిరా?" "కాలియా ఎందుకట్లా ఉడుక్కుంటాడు?" "చుట్కీ లడ్డూ తేకపోతే ఏమయ్యేది?" ఆ జవాబుల్లో మీ పిల్లవాడి మనసు కనబడుతుంది. బడిలో వాణ్ణెవరైనా ఏడిపిస్తుంటే అదీ కాలియా పేరుతో బయటికి వస్తుంది. నేరుగా అడిగితే చెప్పరు, బొమ్మను అడ్డం పెట్టుకుని చెబుతారు.

చిన్నవాళ్ళయితే బొమ్మ వేసి చూపించమనండి. పలకల ఊరు మార్కాపురం మనకు పక్కనే ఉందాయె! ఓ పలకా, బలపమూ చేతికిస్తే చాలు, ఢోలక్‌పూర్ అంతా దాని మీదే దిగుతుంది.

ఇవి మాత్రం మరవకండి

మొదటిది దూకుళ్ళు. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలయ్యాక, అతనిలా ఎగరబోయి పిల్లలు దెబ్బలు తగిలించుకున్నారని వార్తలు వచ్చాయి. ఆ వేషం వేసిన ముకేశ్ ఖన్నాగారే తెర మీదికి వచ్చి అలా చెయ్యొద్దని పిల్లలకు చెప్పారు. మీరూ చెప్పండి: "బొమ్మకు ఎముకల్లేవు నాన్నా, నీకున్నాయి." మిద్దె పిట్టగోడ దగ్గరా, బావి దగ్గరా ఈ ఆటలు ఆడనివ్వకండి.

రెండోది కళ్ళు. 1997 డిసెంబరు 16న జపానులో పోకెమాన్ కొత్త భాగం ఒకటి చూస్తూ ఎందరో పిల్లలు కళ్ళు తిరిగి, కొందరు ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఇంచుమించు 685 మందిని ఆస్పత్రులకు తీసుకెళ్ళారు. తెర మీద ఎరుపూ నీలమూ మెరుపుల్లా గబగబా మారడమే అందుకు కారణం. ఆ తరువాత అక్కడ బొమ్మల కార్యక్రమాల ముందు, గదిలో దీపం వేసుకోండి, టీవీకి దూరంగా కూర్చోండి అని హెచ్చరిక వేయడం మొదలుపెట్టారు. మనమూ అదే పాటిద్దాం. చీకటిగదిలో ముక్కు ఆనించి చూడనివ్వకండి. ఫోనయితే మరీనూ.

మూడోది సమయం. రెండేళ్ళు నిండని బిడ్డకు టీవీ, ఫోను అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ లోపు వాళ్ళకు రోజుకు గంట దాటకూడదని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం 2021లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట కూడా ఇంచుమించు ఇదే.

నాలుగోది కంచం. టీవీ ముందు కంచం పెడితే ఎంత తిన్నాడో వాడికీ తెలియదు, మనకూ తెలియదు. "భాగం అయిపోయాక అన్నం, అన్నం తింటూ కథ" అని నియమం పెట్టండి. కథ చెప్పే ఉత్సాహంలో రెండు ముద్దలు ఎక్కువే తింటాడు.

ఇక లడ్డూ చేద్దామా?

భీమ్‌ని చూసి లడ్డూ కావాలని పేచీ పెట్టని పిల్లలుండరు. కొట్లో రంగులద్దిన లడ్డూ ఎందుకు? మన మెట్టచేలల్లో పండేవాటితోనే చెయ్యండి. రెండు గ్లాసుల శనక్కాయ విత్తనాలు సన్నమంట మీద కమ్మగా వేయించి, చల్లారాక పొట్టు చెరగండి. అర గ్లాసు నువ్వులు చిటపటమనేదాకా వేయించండి. గ్లాసున్నర బెల్లం తురుము, నాలుగు యాలకులు కలిపి రోట్లో దంచండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి, లేకుంటే నూనె తేలి ముద్దయిపోతుంది. చెంచాడు నెయ్యి వేసి నిమ్మకాయంత ఉండలు చుట్టండి. మరీ చిన్నపిల్లలకు పలుకు తగలకుండా మెత్తగా దంచాలి సుమా, గొంతులో అడ్డుపడుతుంది. రోజుకు ఒకటి చాలు. తిన్నాక నోరు పుక్కిలించమనండి.

చుట్టే పని మాత్రం మీరొక్కరే చెయ్యకండి. మీ ఇంటి భీమ్‌ని పిలిచి పక్కన కూర్చోబెట్టండి. వంకరటింకరగా చుట్టినా ఫరవాలేదు. మొదటి లడ్డూ వాడి చేత వాడి చెల్లెలికో అక్కకో ఇప్పించండి. రెండోది మీరు తినండి. అవునమ్మా, మీరే! ఇంటిల్లిపాదికీ బలం పంచే చేతికి ఒక్క లడ్డూ దక్కొద్దూ?

మీ పిల్లలు ఈ వారం చెప్పిన కథ ఏమిటో, మీ వీధి ఆటలో భీమ్ ఎవరో, చుట్కీ ఎవరో నాకు రాయండి. ఆడపిల్ల భీమ్ అయిన వీధి ఏదైనా ఉంటే మరీ సంతోషం. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.